ఫ్యాను ఒక పద్దులో, కరెంటు మరొక పద్దులో

ఏటా డిసెంబరు 14న జాతీయ ఇంధన పొదుపు దినోత్సవం జరుపుకుంటాం. ప్రతిజ్ఞ చేస్తాం. నినాదాల పోటీలో గెలిచినవారికి బహుమతులు అందజేస్తాం. అందరూ వెళ్ళిపోయాక సమావేశ మందిరంలో ఏ.సి. మరో గంటసేపు తన ఉపన్యాసం కొనసాగిస్తుంది.

ఇందుకు ఉద్యోగుల అశ్రద్ధను తప్పుపట్టడం సులభం. అయితే అసలు లోపం మన పద్దుల విభజనలో ఉన్నదని మా అభిప్రాయం.

సీలింగ్ ఫ్యానునే తీసుకుందాం. మన గదులలో తిరిగే పాతరకం ఫ్యాను సుమారు 75 వాట్లు వాడుతుంది. బి.ఎల్.డి.సి. మోటారు ఫ్యాను 30 వాట్లతోనే ఇంచుమించు అంత గాలినిస్తుంది. రోజుకు 8 గంటలు, ఏడాదికి 250 పనిదినాల లెక్కన ఒక్క ఫ్యానుకు 90 యూనిట్ల ఆదా. యూనిట్ 8 రూపాయలనుకుంటే 720 రూపాయలు. కొత్తది 3,000 రూపాయలకు కొన్నా నాలుగేళ్ళు దాటగానే గిట్టుబాటవుతుంది.

అయినా పాత ఫ్యాను కాలినప్పుడల్లా దానికే కాయిలు చుట్టించి మళ్ళీ బిగిస్తాం. ఎందుకంటే చుట్టుబడి ఖర్చు మరమ్మతుల పద్దులోది. చిన్న మంజూరుతో పని జరిగిపోతుంది. కొత్తదానికి ప్రతిపాదన, కొటేషన్లు, పై అధికారి అనుమతి కావాలి. ఇక కరెంటు బిల్లు మూడో పద్దులో, మరో విభాగం చెల్లించేది. మూడింటినీ ఒకచోట కూడేవారు లేరు. మిగిల్చిన సొమ్ము మిగిల్చినవారికి దక్కదు సరికదా, వచ్చే ఏడాది కేటాయింపు తగ్గుతుందేమోనన్న భయమొకటి!

పద్దులు కలిపితే ఏమవుతుందో విశాఖపట్నం చూపింది. 2014 అక్టోబరు హుద్‌హుద్ తుపాను తరువాత ఆ నగర వీధిదీపాలను ఈ.ఈ.ఎస్.ఎల్. సంస్థ ఎల్.ఇ.డి.లుగా మార్చింది. పెట్టుబడి ముందుగా సంస్థ పెట్టి, ఆదా అయిన సొమ్ములోంచి రాబట్టుకొనే పద్ధతి అది. బిల్లు చెల్లించే చేయి, దీపం మార్చే చేయి ఒకే లెక్కకు కట్టుబడ్డాయి.

మన కార్యాలయాలలో ఇందుకు పెద్ద ఏర్పాటేమీ అక్కరలేదు. కాయిలు చుట్టించే ఇండెంటులో రెండు గడులు చేరిస్తే చాలు: ఈ ఫ్యాను ఇంతకుముందు ఎన్నిసార్లు కాలింది, ఏడాదికి ఎన్ని యూనిట్లు వాడుతోంది. రెండోసారి కాలినదాన్ని చుట్టించకుండా మార్చే అధికారం విభాగాధిపతికి ఇవ్వాలి. విద్యుత్ విభాగం, అకౌంట్స్ విభాగం కలిసి కూర్చుంటే ఒక మధ్యాహ్నపు పని ఇది.