తంగేడును నరకొద్దు

తమ్ముళ్లారా! వార్షికోత్సవం వస్తుందంటే హాస్టలు చుట్టూ మనం ముందు నరికేది తంగేడు, కసివింద మొక్కల్నే. కొమరోలులో డబ్బు పెట్టకుండా దొరికే సైన్సు ల్యాబు అది. పిచ్చిమొక్కలనడం నాకు నచ్చదు.

లేతాకు మీద బియ్యపు నూకలా తెల్లగా నిలబడే గుడ్డు ఎమిగ్రెంట్ అనే సీతాకోకచిలుకది. కొద్ది రోజుల్లో పచ్చని పురుగు వస్తుంది. దానికి క్యాబేజీ వేస్తే పస్తే! పుట్టిన మొక్క ఆకే కావాలి. సీసాలో రోజూ ఆకు మార్చండి, పెంటికలు తీసేయండి, ఒక పుల్ల నిలబెట్టండి. వేలాడే చోటు లేకపోతే రెక్కలు ముడుచుకుపోతాయి.

ఆంధ్ర విశ్వవిద్యాలయం వాళ్లు ఈ జాతి జీవితచక్రం మీద 2004లో పరిశోధన వ్యాసమే ప్రచురించారు. మనమేమో బొమ్మ గీసి మార్కులు తెచ్చుకుంటాం, గుడ్డును మాత్రం చూడం. వార్డెను గారూ, గోడ పక్కన ఒక్క వరుస వదిలేయండి. సర్కారు తుమ్మను కొట్టించండి, కత్తి నేనూ పడతాను.