సముద్రపు మందులు కాగితాల్లోనే ఆగిపోవద్దు

పాలకుర్తికి సముద్రం చాలా దూరం. అయినా సముద్ర జీవుల్లో సాగుతున్న కొత్త మందుల వేటతో ఈ ఊరికి దగ్గరి సంబంధం ఉంది. జ్వరమొస్తే ముందు ఆర్‌ఎంపీ దగ్గరికో, మందుల షాపుకో పోవడం, సూది వేయించుకుని రెండు రోజుల గోలీలు తెచ్చుకోవడం, ఒళ్లు తేలికపడగానే మిగిలినవి మానేయడం మన పల్లెల్లో మామూలే. ఆ గోలీల్లో యాంటీబయాటిక్ ఉన్నదో లేదో చాలామందికి తెలియదు. రోగం ముదిరితే జనగామకో, వరంగల్ ఎంజీఎంకో పరుగెత్తాలి. అక్కడ కూడా మందు పనిచేయకపోతే దిక్కేమిటన్న ప్రశ్న ఇప్పుడు ప్రపంచమంతటినీ వేధిస్తోంది. మందులకు లొంగని బ్యాక్టీరియా 2019లో నేరుగా 12.7 లక్షల మంది ప్రాణాలు తీసిందని 2022లో లాన్సెట్ ప్రచురించిన అధ్యయనం లెక్కగట్టింది. ఆ ఏడాది మలేరియా గానీ ఎయిడ్స్ గానీ అంతమందిని చంపలేదు.

మనం వాడుతున్న యాంటీబయాటిక్కుల్లో చాలా వరకు మట్టి ఇచ్చినవే. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే సంస్థలో పరిశోధనలకు సారథ్యం వహించిన కాలంలోనే, అక్కడి శాస్త్రవేత్త బెంజమిన్ డుగ్గర్ మిస్సోరి మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశారు. 1948లో లోకానికి తెలిసిన ఆ మందు టెట్రాసైక్లిన్ల కుటుంబానికి మొదటిది. తర్వాతి కాలంలో మట్టిని ఎంత జల్లెడ పట్టినా పాత పదార్థాలే మళ్లీ మళ్లీ చేతికొచ్చాయి. ఆసుపత్రుల్లో ఇవాళ ఎక్కువగా భయపెడుతున్న గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియాకు అదనంగా ఒక బయటి పొర ఉంటుంది. దాన్ని దాటి లోపలికి పోగల మందులు తక్కువ. ఈ బ్యాక్టీరియాపై పనిచేసే మందుల్లో చివరగా వాడుకలోకి వచ్చిన పెద్ద తరగతి క్వినొలోన్లు. వాటికి 1960లలోనే అంకురం పడింది.

అందుకే శాస్త్రవేత్తల చూపు కడలి వైపు మళ్లింది. స్పాంజీలు, మెత్తని పగడాలు, అసిడియన్లు అనే తిత్తిలాంటి జంతువులు రాళ్లకు అతుక్కుని బతుకుతాయి. పారిపోలేవు, పోరాడలేవు. రాత్రింబవళ్లు నీటిని వడగడుతూ అందులోని సూక్ష్మజీవుల మధ్యే మనుగడ సాగించాలి. వాటికి రసాయనాలే ఆయుధాలు. చాలాసార్లు ఆ రసాయనాన్ని తయారుచేసేది జంతువు ఒంట్లో కాపురముండే బ్యాక్టీరియా. కొన్ని స్పాంజీల బరువులో మూడో వంతుకు పైగా ఈ బ్యాక్టీరియాదే.

ఈ దారి ఉత్త ఆశ మీద నడుస్తున్నది కాదు. కరీబియన్ స్పాంజి చూపిన ఆధారంతో తయారైన సైటరబీన్ 1969 నుంచి రక్త కేన్సర్ రోగులను ఆదుకుంటోంది. డాగ్‌ఫిష్ అనే చిన్న సొరచేపలో బ్యాక్టీరియాను చంపే స్క్వాలమీన్ ఉన్నదని మైకేల్ జాస్లాఫ్ బృందం 1993లో ప్రకటించింది. మందులకు లొంగని కాండిడా ఆరిస్ ఫంగస్‌ను అణిచే టర్బిన్‌మైసిన్‌ను విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ బృందం 2020లో వెల్లడించింది. అసిడియన్‌లో కాపురమున్న బ్యాక్టీరియాయే దాన్ని ఇచ్చింది. అయితే నిజం కూడా చెప్పుకోవాలి. సముద్ర జంతువు నుంచి వచ్చి, బ్యాక్టీరియాపై వాడకానికి ఆమోదం పొందిన మందు ఇంతవరకు ఒక్కటీ లేదు.

ఎందుకు లేదు? మొదటి అడ్డంకి సరుకు దొరకకపోవడం. కేన్సర్ మందు ట్రాబెక్టెడిన్‌నే చూడండి. గ్రాము మందు కోసం టన్ను అసిడియన్లు కావలసి వచ్చింది. పులియబెట్టిన బ్యాక్టీరియా నుంచి ముడిపదార్థం తీసి, మిగతాది ప్రయోగశాలలో పూర్తిచేసే పద్ధతి రావడంతో ఆ చిక్కు విడిపోయింది. ఇవాళ చిటికెడు నమూనా చాలు, అందులోని సూక్ష్మజీవుల జన్యువులు చదివి మందు తయారీ రహస్యం పట్టుకోవచ్చు. పగడపు దిబ్బలను తవ్విపోయనక్కర్లేదు.

రెండో అడ్డంకి డబ్బు. ఇదే అసలైనది. కొత్త యాంటీబయాటిక్‌ను పొదుపుగా, చివరి అస్త్రంగా వాడాలి. వాడకం తక్కువైతే అమ్మకం ఉండదు, అమ్మకం లేకపోతే కంపెనీ నిలవదు. అమెరికాలో అకావోజెన్ సంస్థ తయారుచేసిన ప్లాజోమైసిన్‌కు 2018 జూన్‌లో అనుమతి వచ్చింది. 2019 ఏప్రిల్‌కల్లా ఆ సంస్థ దివాలా తీసింది. మంచి మందు కనిపెట్టినవాడే మునిగిపోయే ఈ లెక్కను బజారు సరిచేయలేదు. ప్రభుత్వమే పూనుకోవాలి.

మన అనుభవమూ ఇదే చెబుతోంది. విశాఖ తీరపు సముద్ర మట్టిలోని యాక్టినోమైసీట్లు అనే బ్యాక్టీరియా మీద ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పరిశోధకులు 1987లోనే పత్రం ప్రచురించారు. అరేబియా సముద్ర తీరంలో సేకరించిన అసిడియన్‌లో ఎయిడ్స్ వైరస్ ఎంజైమును అడ్డుకునే పదార్థాన్ని హైదరాబాద్ ఐఐసీటీ, అమెరికాలోని స్క్రిప్స్ పరిశోధన సంస్థల శాస్త్రవేత్తలు కలిసి 1999లో చూపారు. అది మందుగా మారలేదు. సముద్రం నుంచి మందులు తీయడానికి కేంద్రం 1990లలోనే జాతీయ కార్యక్రమం నడిపింది. ప్రతిభకు కొరత రాలేదు. పత్రం అచ్చయ్యాక ఆ పదార్థాన్ని రోగి మంచం దాకా మోసుకుపోయే వ్యవస్థే కరువైంది.

ప్రభుత్వం చేయూతనిస్తే ఫలితం వస్తుందనడానికి నాఫిత్రోమైసిన్ సాక్ష్యం. వొకార్డ్ సంస్థ రూపొందించిన ఈ యాంటీబయాటిక్‌కు కేంద్ర బయోటెక్నాలజీ శాఖకు చెందిన బైరాక్ తోడ్పడింది. దేశంలోనే పుట్టిన తొలి యాంటీబయాటిక్ అని చెబుతూ 2024 నవంబరులో దాన్ని విడుదల చేశారు. 2021లో రూ.4,077 కోట్లతో ఆమోదించిన డీప్ ఓషన్ మిషన్‌లో సముద్ర జీవుల అన్వేషణ కూడా ఒక భాగం. అందులో యాంటీబయాటిక్కులకు విడిగా పద్దు ఉండాలి. విశాఖలో నమూనాల బ్యాంకు పెట్టాలి. ఎంజీఎం, గాంధీ, కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రుల్లో రోగుల నుంచి తీసిన మొండి బ్యాక్టీరియాపై ఆ నమూనాలను హైదరాబాద్ ప్రయోగశాలల్లో పరీక్షించాలి. క్లినికల్ ట్రయల్స్ ఖర్చు ప్రభుత్వం భరించాలి. అమ్మకాలతో పనిలేకుండా ఏటా నిర్ణీత సొమ్ము చెల్లించే పద్ధతిని 2022లో ఇంగ్లండ్ రెండు మందులకు మొదలుపెట్టింది. దాన్ని మనమూ పరిశీలించాలి. లాభం వస్తే 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం మత్స్యకారులకూ వాటా అందాలి.

ఉన్న మందులను తగలేస్తూ కొత్తవి వెతికితే మాత్రం ప్రయోజనం సున్నా. పటాన్‌చెరులో మందుల కంపెనీల వ్యర్థాలను శుద్ధిచేసే ప్లాంటు వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నదని స్వీడన్ పరిశోధకులు 2007లో తేల్చారు. చికిత్స పొందే రోగి రక్తంలో కూడా ఆ మందు అంత ఉండదు. అలాంటి నీటిలో బతికి బట్టకట్టే బ్యాక్టీరియా రేపటి కొత్త మందునూ ఓడిస్తుంది. వ్యర్థ జలాల్లో యాంటీబయాటిక్ ఎంత మించరాదో కచ్చితమైన హద్దు గీసి అమలు చేయాలి. ముఖ్యమైన యాంటీబయాటిక్కులను చీటీ లేకుండా అమ్మరాదనే షెడ్యూల్ హెచ్1 నిబంధన 2014 నుంచి ఉంది. మండల కేంద్రాల్లోని షాపుల దాకా దాన్ని నిక్కచ్చిగా పాటించేలా చూడాలి.

డీప్ ఓషన్ మిషన్‌లో యాంటీబయాటిక్కుల పద్దు కోసం రెండు తెలుగు రాష్ట్రాల ఎంపీలు పార్లమెంటులో కలిసి అడగాలి. పాలకుర్తి పాఠకులారా, అంతదాకా మన చేతిలో ఉన్న పని ఒకటుంది. డాక్టరు రాయని యాంటీబయాటిక్ కొనకండి. రాసిచ్చినప్పుడు చెప్పినన్ని రోజులూ తప్పక వాడండి.