అంబరు: ఒక మాట, రెండు వస్తువులు

'తిమింగలం వాంతి' అనే మాట ఇటీవల తెలుగు దినపత్రికలలో తరచుగా కనిపిస్తోంది. ఫలానా చోట ఇన్ని కిలోలు పట్టుబడిందని, దాని విలువ కోట్ల రూపాయలని ఆ వార్తలు చెబుతాయి. భావనపాడు మొదలు బారువ వరకు గల మన తీరంలో ఇటువంటి వార్త చదివినవారికి ఒక ఆశ, దానివెంట ఒక సందేహం కలగడం సహజం. సముద్రం తానుగా ఒడ్డున పడవేసిన వస్తువు అల్లాహ్ ప్రసాదించిన ఉపాధి కాదా? దానిని ఏరుకుని అమ్ముకుంటే దోషమేమిటి? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పవలెనంటే ముందుగా ఆ వస్తువు పేరును పరిశీలించాలి. కనుక ఈ నెల మేము 'అంబరు' అనే మాటను ఎంచుకున్నాము.

తెలుగులో అంబరమంటే ఆకాశం, వస్త్రం. పీతాంబరంలో ఉన్నది ఆ మాటే. మనం చెప్పుకుంటున్న అంబరు అరబీ నుండి వచ్చింది. అరబీలో దానిని 'అన్‌బర్' అని నూన్ అక్షరంతో వ్రాస్తారు, 'అంబర్' అని మీమ్‌తో పలుకుతారు. సుకూన్ గల నూన్ తరువాత బా వస్తే నూన్ మీమ్‌గా మారుతుందనే ఇక్లాబ్ నియమం తజ్వీద్ నేర్చుకునే ప్రతి విద్యార్థికీ తెలిసినదే. ఆ పలుకుబడితోనే ఈ మాట పారసీకానికి, ఉర్దూకు, యూరప్ భాషలకు, మన తెలుగుకు చేరింది.

అరబ్బులు ఈ పేరుతో పిలిచినది ఒక సుగంధ ద్రవ్యాన్ని. స్పెర్మ్ తిమింగలం అనే మహాజీవి లోతైన సముద్రంలో స్క్విడ్లను తిని బ్రతుకుతుంది. వాటి గట్టి ముక్కులు జీర్ణం కావు. కొన్ని తిమింగలాల ప్రేగులలో ఆ ముక్కుల చుట్టూ మైనం వంటి పదార్థం గడ్డకట్టి, కాలక్రమంలో సముద్రంలోకి వెలువడుతుంది. వాంతి అనడం వాడుకే గాని, అది మలంతో పాటు వెలువడుతుందని శాస్త్రజ్ఞులలో అధికుల అభిప్రాయం. అప్పుడది నల్లగా, దుర్గంధంతో ఉంటుంది. ఏళ్ల తరబడి ఉప్పునీటిలో, ఎండలో తేలియాడిన తరువాతనే బూడిదరంగుకు తిరిగి పరిమళిస్తుంది. తక్కిన పరిమళాలు త్వరగా ఎగిరిపోకుండా పట్టి ఉంచే గుణం దానికుంది గనుక అత్తరు తయారీదారులు దానికంత విలువ కట్టారు. ఒడ్డుకు వచ్చే ప్రతి తిమింగలంలోనూ అంబరు ఉండదు. 2023 జూలైలో సంతబొమ్మాళి మండలం మేఘవరం తీరానికి కొట్టుకువచ్చినది నీలి తిమింగలమని వార్తలు తెలిపాయి. ఆ జాతిలో అంబరు పుట్టనే పుట్టదు.

హదీసు గ్రంథాలలో ఈ మాట ఒక జీవి పేరుగానూ కనిపిస్తుంది. దైవప్రవక్త (సఅసం) హజ్రత్ అబూ ఉబైదా (రజి) నాయకత్వంలో మూడు వందల మందిని సముద్రతీరం వైపు పంపారు. ఆహారం తరిగిపోయి, రోజుకు మనిషికి ఒక్క ఖర్జూరం చొప్పున పంచుకునే స్థితి ఏర్పడింది. అదీ అయిపోగా చెట్ల ఆకులు రాల్చుకుని తిన్నారు. అటువంటి సమయంలో సముద్రం ఒక కొండంత జీవిని ఒడ్డున పడవేసింది. దాని పేరు అంబర్. దాని ప్రక్కటెముకలను నిలబెడితే వాటి క్రిందుగా ఒంటె నడిచి వెళ్లిందని హజ్రత్ జాబిర్ (రజి) తెలిపారు. అబూ ఉబైదా (రజి) మొదట అది మృత జంతువని సంకోచించారు. పిదప తామున్న అగత్యాన్ని ఆలోచించి తినడానికి అనుమతించారు. మదీనా చేరి ఈ సంగతి విన్నవించినప్పుడు దైవప్రవక్త (సఅసం) దానిని అల్లాహ్ పంపిన ఉపాధిగా పేర్కొని, మిగిలి ఉంటే తమకూ పెట్టమని అడిగి, స్వయంగా ఆరగించారు.

ఇక అదే పేరు మోస్తున్న రెండవ వస్తువుకు సముద్ర జీవులతో సంబంధం లేదు. మన తూర్పు కనుమలలో గుగ్గిలం చెట్టు నుండి బంక కారడం, ఉద్దానంలో జీడిమామిడి చెట్టుకు గాటు పడినచోట జిగురు ఊరడం పాఠకులు చూసే ఉంటారు. అనాది కాలంలో కొన్ని చెట్ల నుండి కారిన బంక భూమిలో పూడిపోయి, కోట్ల సంవత్సరాలకు పసుపు వన్నె రాయిగా గట్టిపడింది. ఇది బాల్టిక్ సముద్ర తీరాలలో అధికంగా దొరుకుతుంది. ఇదీ అలలతో ఒడ్డుకు వచ్చేదే, కాల్చితే ఇదీ పరిమళించేదే. అందువల్లనే కాబోలు యూరప్ వారు అరబ్బుల మాటను దీనికీ తగిలించి, ఒకదానిని బూడిద అంబరని, మరొకదానిని పసుపు అంబరని వేరు చేశారు. పారసీకులు మాత్రం దీనిని 'కహ్‌రుబా' అన్నారు, అనగా గడ్డిపరకను లాక్కునేది. రుద్దితే గడ్డిపరకలను ఆకర్షించే దాని గుణం వల్ల ఆ పేరు వచ్చింది. నేడు అరబీలో విద్యుత్తును 'కహ్‌రబా' అంటారు. గ్రీకులు దీనిని పిలిచిన 'ఎలెక్ట్రాన్' నుండే మన ఇళ్లలో వినబడే కరెంటు పరిభాష పుట్టింది.

పరిమళాన్ని బట్టి ఈ మాట మనుషుల పేరు కూడా అయింది. ఇథియోపియాలో పుట్టి, బానిసగా అమ్ముడై, దక్కనులో అహ్మద్‌నగర్ రాజ్యాన్ని మొగలుల ధాటికి నిలబెట్టిన మాలిక్ అంబర్ 1626లో మరణించాడు. యజమాని పెట్టిన ఆ పేరుకు తన సామర్థ్యంతో గౌరవం తెచ్చాడు.

నేటి అంగడిలో ఈ పేరు గతి ఏమిటి? 'అంబర్' అని వ్రాసిన అత్తరు సీసాలలో చాలావాటిలో ఉండేది చెట్ల బంకలు, సాంబ్రాణి, వెనిల్లా కలిపిన మిశ్రమం. అది అత్తరువారి పరిభాష, తప్పు పట్టనక్కరలేదు. ప్లాస్టిక్ పూసల తస్బీహ్‌ను అసలైన కహ్‌రుబా అని నమ్మించి అమ్మడం మాత్రం వంచన. రుద్దితే గడ్డిపరకను లాగుతుంది కదా అని మోసపోరాదు, ప్లాస్టిక్ కూడా లాగుతుంది. బాగా ఉప్పు కలిపిన నీటిలో కహ్‌రుబా తేలుతుంది, అనేక రకాల ప్లాస్టిక్ మునుగుతుంది. పలాస వ్యాపారులకు ఇది వేరే చెప్పాలా? జీడిపప్పులో గుండ్లకు ఒక ధర, బద్దలకు ఒక ధర. డబ్బా పైన గుండ్లు పరచి అడుగున బద్దలు నింపినవాడిని బజారు క్షమించదు. ధాన్యపు రాశి పైన పొడి గింజలు, లోపల తడి గింజలు ఉంచిన వర్తకుణ్ణి దైవప్రవక్త (సఅసం) మందలించి, వంచకునికి తమతో సంబంధం లేదని హెచ్చరించారు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. షరీఅత్ దృష్టిలో అంబరు స్వతహాగా హరామ్ వస్తువు కాదు. అయితే మనం నివసిస్తున్న దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం స్పెర్మ్ తిమింగలాన్ని రక్షిత జీవిగా ప్రకటించింది. దాని అంబరును దగ్గర ఉంచుకోవడం, కొనడం, అమ్మడం నేరం. ఒప్పందాలను నెరవేర్చమని ఖుర్ఆన్ విశ్వాసులను ఆదేశించింది. పౌరులుగా మనం ఈ దేశ చట్టానికి బద్ధులమై ఉన్నాము. ధర్మసమ్మతమైన ఒక వస్తువును ప్రజాహితం కోసం చట్టం నిరోధించినప్పుడు దానిని విడిచిపెట్టడం మన దీన్‌కు విరుద్ధం కాదు. ఆ సహచరులు ఆకులు తిన్న ఆకలిలో ఆ మాంసం తిన్నారు. ఆ ఉదంతాన్ని దొంగచాటు బేరానికి ఆధారంగా చూపడం న్యాయం కాదు. పైగా ఈ బేరాలలో దళారికి దక్కేది డబ్బు, వల లాగిన బీద యువకునికి దక్కేది జైలు. తీరాన అటువంటి గడ్డ ఏదైనా కనబడితే ఇంటికి తీసుకుపోక, అటవీశాఖ వారికి తెలపడమే క్షేమం.

ఇమామ్ బుఖారీ (రహ్మ) తమ గ్రంథంలో, జకాత్ ప్రకరణంలో, సముద్రం నుండి లభించే వస్తువులపై ఒక అధ్యాయం ఉంచారు. అంబరు భూమిలో దొరికే నిధి వంటిది కాదని, సముద్రం నెట్టివేసిన వస్తువని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) చెప్పిన మాట అందులో ఉంది. ఆ వెంటనే ఇస్రాయీల్ సంతతికి చెందిన ఒక వ్యక్తి వృత్తాంతం వస్తుంది. అతడు వేయి దీనార్లు అప్పు తీసుకుని, గడువు నాటికి పడవ దొరకక, ఆ సొమ్మును ఒక దుంగలో దాచి అల్లాహ్‌పై భారం వేసి సముద్రంలో విడిచాడు. ఆవలి ఒడ్డున అప్పిచ్చినవాడు వంటచెరకు కోసం ఆ దుంగను తీసుకుపోయి చీల్చగా తన సొమ్ము కనబడింది. తరువాత ఋణగ్రస్తుడు మరో వేయి దీనార్లతో వచ్చినప్పుడు, సొమ్ము ముందే చేరిందని చెప్పి అతణ్ణి త్రిప్పి పంపాడు. అతడు నోరు విప్పకుండా రెండవసారీ పుచ్చుకుని ఉంటే అడిగేవారు లేరు. సముద్రం ఒడ్డుకు తెచ్చిన దానిలో మనకు న్యాయంగా చెందేది ఎంతో, చెందనిది ఎంతో అతడు ఎరిగినవాడు. మన తీరవాసులకు, మన వర్తకులకు అల్లాహ్ ఆ ఎరుకను ప్రసాదించుగాక.