రాత్రి పాలు మాన్పుట తగునా?

పగలంతయు తోటపని చేసి యింటికి వచ్చిన తల్లి, రాత్రి రెండు మూడు పర్యాయములు లేచి శిశువునకు పాలిచ్చుచుండగా, "నీవే యలవాటు చేసి బిడ్డను చెడగొట్టితివి" అని నిందించువారు ప్రతి పేటయందును గలరు. ఈ నింద న్యాయమైనదా యని విచారింపవలసియున్నది. ఈ విషయమై నూఱు సంవత్సరములకు పైగా వాదోపవాదములు జరిగిన దేశము అమెరికా సంయుక్త రాష్ట్రములు. అచ్చటి యనుభవము కష్టజీవుల కందఱకును ఉపయోగపడును.

1894లో న్యూయార్కు వైద్యుడగు లూథర్ ఎమ్మెట్ హోల్ట్ ప్రకటించిన శిశుపోషణ గ్రంథము, గడియారము ననుసరించి పాలిచ్చుటను బోధించెను. అచ్చటి ప్రభుత్వమువారి బాలల శాఖ 1914లో ప్రచురించిన "ఇన్‌ఫెంట్ కేర్" అను చిన్న పుస్తకమును నియమిత వేళలనే నొక్కి చెప్పెను. ఏడ్చినప్పుడెల్ల బిడ్డను ఎత్తుకొనుట దురలవాటునకు మూలమని ఆ కాలపు పెద్దల యభిప్రాయము. 1946లో బెంజమిన్ స్పాక్ అను వైద్యుడు తన గ్రంథములో ఈ కాఠిన్యమును సడలించి, బిడ్డ యాకలిని గమనించి నడుచుకొనుడని తల్లులకు ధైర్యము చెప్పెను. క్రొత్తగా పుట్టిన శిశువునకు పగలు రాత్రి కలిపి 8 మొదలు 12 సారులు పాలు కావలయునని నేటి వైద్యులు చెప్పుచున్నారు. అంత చిన్న కడుపు రాత్రియంతయు పాలులేక యుండజాలదు.

గడియారపు నియమము, పగలెల్ల ఊయల ప్రక్కనుండగల తల్లికి ఒకవేళ సాగునేమో. పరుల పనికి పోవు తల్లికి పగటి గడియారము తనది కాదు. దక్షిణ కరోలినాలో జేమ్స్ హెన్రీ హేమండ్ అను తోటల యజమాని 19వ శతాబ్దపు మధ్యకాలమున ఏర్పఱచిన నిబంధనలు ఇందుకు సాక్ష్యము. వాని ప్రకారము బానిసలైన తల్లులు సూర్యోదయమున తమ శిశువులను పిల్లల యింట విడిచి పొలమునకు పోవలెను. బిడ్డకు 8 మాసములు వచ్చువఱకు దినమునకు 3 సారులు వచ్చి, ఒక్కొక్కసారి 45 నిమిషములు బిడ్డయొద్ద నుండవచ్చును. పిమ్మట ఆ సారులు తగ్గి, 12 మాసములకు పాలు మాన్పవలెను. పుట్టిన బిడ్డయు యజమాని సొత్తేయని అప్పటి చట్టము. పగటి పాలను యజమాని లెక్కించెను. తల్లి చేతిలో మిగిలినది రాత్రి యొక్కటే.

1865లో ఆ బానిసత్వము రద్దయ్యెను. అయినను కూలి తల్లుల కష్టము పూర్తిగా తీఱలేదు. 1993 నాటి చట్టము 12 వారముల సెలవు నిచ్చినను, దానికి వేతనము లేదు. ఒక్క యజమానియొద్ద ఏడాది నిండనివారికిని, చిన్న కమతములలో పనిచేయువారికిని అదియు దొరకదు. పని నడుమ పాలు పిండుకొనుటకు విరామమును, మరుగుదొడ్డి కాని మఱుగైన చోటును కల్పించు నియమము 2010లో ఏర్పడెను గాని, పొలములలోని స్త్రీలకు అది వర్తింపలేదు. 2022 డిసెంబరులో చేసిన చట్టము వలననే వారికిని, బిడ్డ పుట్టిన నాటినుండి ఒక సంవత్సరము వఱకు, ఆ హక్కు లభించెను.

చనుబాలు బావినీటివంటివి; తోడినకొలది ఊరును, తోడక విడిచినచో తగ్గును. పాలను పుట్టించు ప్రొలాక్టిన్ అను రసము రాత్రివేళ నెక్కువగా నుండును. కావున పగలు బిడ్డకు దూరముగానుండు తల్లి రాత్రి పాలనుగూడ మాన్పినయెడల, కొలది దినములలో పాలే తగ్గిపోవు నపాయము గలదు. అట్టి తల్లిని మందలించువారు, తెలియకయే బిడ్డ నోటి యాహారమును తీసివేయుచున్నారు.

అయితే తల్లియు మనుష్యురాలే. నిద్రలేని తల్లి పాలిచ్చుచునే కునుకు తీయును. బిడ్డతో సోఫాపైగాని చేతుల కుర్చీలోగాని నిద్రించుట మిక్కిలి ప్రమాదకరము. శిశువునకు ఊపిరాడక పోవచ్చును. శిశువును వెల్లకిల, గట్టిగానుండు చదునైన వేఱు పడకపై, తల్లిదండ్రుల గదియందే, కనీసము 6 మాసములు పరుండబెట్టవలెనని అమెరికా శిశువైద్యుల సంఘము 2022లో బోధించెను. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబములలో పురుడు పోయుటకు తెలుగుదేశమునుండి వెళ్లు అమ్మమ్మలు, బిడ్డ తల్లి ప్రక్కలో పండుటయే యెఱుగుదురు. పక్క వేఱైనను గది యొక్కటేయని వారికి నచ్చజెప్పవలెను. ఇచ్చటనే తండ్రి పని గలదు. బిడ్డను లేపి తెచ్చుట, గుడ్డలు మార్చుట, త్రేన్పు తెప్పించుట, తిరిగి పక్కపై పరుండబెట్టుట పురుషుని చేతులకును సాధ్యమే. పాలిచ్చుట యొక్కటియే తల్లిది. తక్కిన జాగరణ ఇంటివారందఱిది.

నడక నేర్చిన బిడ్డ సంగతి వేఱు. 6 మాసములు దాటి, మెత్తని యాహారము తినుచు బరువు పెరుగుచున్న పిల్లలలో పలువురకు రాత్రి యాకలి క్రమముగా తగ్గును. 2 సంవత్సరముల వఱకును, తల్లియు బిడ్డయు కోరినచో ఆపైనను, చనుబాలు కొనసాగింపవచ్చునని వైద్యుల మతము. అయినను ప్రతి మెలకువయు ఆకలి కాదు. పాలసీసానుగాని తీపినీటినిగాని నోటనుంచి నిద్రపుచ్చుటవలన లేతపండ్లు పుచ్చిపోవును. ఏడాది నిండనివారికి తేనె పనికిరాదు. సాయంకాలము కడుపునిండ భోజనము పెట్టి, పండ్లు శుభ్రపఱచి, నడిరాత్రి లేచినచో రెండు గుక్కల నీరిచ్చి జోకొట్టుట మేలు. ఒక్కరాత్రిలో వేపాకు నూఱి రొమ్మునకు పూసి మాన్పుట బిడ్డకు దుఃఖము, తల్లికి పాలు గడ్డకట్టు బాధ. ఒక్కొక్కసారి చొప్పున కొన్ని వారములలో తగ్గింపవలెను. బరువు పెరుగని బిడ్డకు వైద్యుని యడుగక రాత్రి పాలు మాన్పరాదు.

కావున పసిబిడ్డ రాత్రి పాలు చెడ్డ యలవాటు కాదు. కష్టజీవియైన తల్లికి అది పగటి యెడబాటును తీర్చు నుపాయము. పొరుగువారు నిందను మానవలెను. తండ్రి ఒక జాము మేల్కొనవలెను. యజమాని పగటివేళ విరామము నియ్యవలెను. రాత్రి మూడు సారులు లేచిన తల్లి తెల్లవాఱగనే గంప నెత్తుకొని పోవుచున్నప్పుడు, ఆమె యలసటలో తమ భాగమెంతయో వీరు మువ్వురును ఎఱుగవలెను.