గోంగూర చేసిన నేరమేమిటి?

గుండె దడగా ఉందని ఆస్పత్రికి వెళ్లి, ఈసీజీ తీయించుకుని, 'ఏట్రియల్ ఫిబ్రిలేషన్' అనే నోరు తిరగని పేరుతో ఇంటికొచ్చిన మనిషికి ఆ సాయంత్రం నుంచే సలహాలు మొదలవుతాయి. కాఫీ మానెయ్యమని ఒకరు, ఆకుకూర ముట్టొద్దని ఇంకొకరు, రోజూ కొబ్బరినీళ్లు తాగితే అన్నీ సర్దుకుంటాయని పక్కింటివారు. వారం తిరిగేసరికి కంచంలో చప్పిడి కూర, మజ్జిగన్నం మిగులుతాయి. చిత్రమేమిటంటే, ఇన్ని మానిపించినవారు ఆవకాయ జాడీ జోలికీ ఆదివారం రాత్రి గ్లాసు జోలికీ పోరు. ముందుగా చూడాల్సింది ఆ రెండింటినే.

అసలు జరిగేదేమిటో తెలిస్తే ఏది ఎందుకు తగ్గించాలో సులువుగా అర్థమవుతుంది. గుండె మామూలుగా నిమిషానికి 60 నుంచి 100 సార్లు ఒక లయలో కొట్టుకుంటుంది. ఈ జబ్బులో గుండె పై గదులు నిమిషానికి 350 నుంచి 600 సార్లు అదురుతాయి. అంటే రక్తాన్ని కిందికి నెట్టే పని మానేసి ఊరికే వణుకుతుంటాయి. మణికట్టు దగ్గర నాడి పట్టుకుంటే రెండు దెబ్బలు దగ్గర దగ్గరగా, మరొకటి ఎక్కడో దూరంగా తగులుతుంది. కదలక నిలిచిన రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం. ఈ జబ్బు ఉన్నవారికి ఆ ముప్పు మామూలు మనుషులకంటే సుమారు 5 రెట్లు ఎక్కువ. అందుకే చాలామందికి 'రక్తం పలచన చేసే' మాత్ర రాస్తారు. పేరు అలా స్థిరపడింది గానీ, రక్తం నీళ్లలా పలచబడదు. గడ్డకట్టడం ఆలస్యమవుతుంది, అంతే.

ఇక్కడే ఆకుకూర గొడవ మొదలవుతుంది. ఇంట్లోవాళ్లు అడగాల్సిన మొదటి ప్రశ్న 'ఏం తినాలి?' అని కాదు, 'ఏ మాత్ర రాశారు?' అని. ఎపిక్సబాన్, రివరాక్సబాన్, డాబిగాట్రాన్ వంటి కొత్త మాత్రలు వేసుకునేవారికి ఆకుకూరల పట్టింపు లేదు. పాలకూర పప్పయినా తోటకూర పులుసయినా నిశ్చింతగా తినొచ్చు. పట్టింపంతా అసిట్రోమ్, వార్ఫరిన్ వాడేవారికే. మన దగ్గర వీరి సంఖ్య తక్కువేమీ కాదు. చిన్నప్పుడు కీళ్లవాతపు జ్వరం వచ్చి గుండె కవాటం బాగా సన్నబడినవారికి, లోహపు కవాటం అమర్చినవారికి ఇప్పటికీ పాత మందే సరైనదని వైద్యులు చెబుతున్నారు. కీళ్లవాతపు గుండెజబ్బుతో లయ తప్పినవారి మీద 24 దేశాల్లో జరిగిన పరిశోధన ఫలితాలు 2022లో వచ్చాయి. అందులోనూ కొత్త మాత్రకంటే పాత మందే మెరుగని తేలింది.

ఈ పాత మందు పుట్టుక కూడా తిండితో ముడిపడిందే. 1920లలో ఉత్తర అమెరికాలో బూజుపట్టిన ఒక రకం గడ్డి మేసిన పశువులు, చిన్న గాయమైనా నెత్తురు ఆగక చనిపోయేవి. ఆ గడ్డిలోని పదార్థాన్ని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ పాల్ లింక్ బృందం వేరుచేసింది. అదే దారిలో తయారైన వార్ఫరిన్ 1948లో ఎలకల మందుగా బజారుకెక్కి, తర్వాత మనుషుల మందయింది. అది చేసే పని ఒక్కటే. రక్తం గడ్డకట్టడానికి కాలేయానికి కావలసిన విటమిన్ 'కె'కి అడ్డుపడుతుంది. ఆ విటమిన్‌ను కనిపెట్టిన డెన్మార్క్ శాస్త్రవేత్త హెన్రిక్ డామ్‌కు 1943 నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. అది మనకు దండిగా దొరికేది ఆకుకూరల్లోనే. మనిషికి రోజుకు 100 మైక్రోగ్రాముల అటూ ఇటూ సరిపోతుంది. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల ప్రకారం 100 గ్రాముల పచ్చి పాలకూరలో 480 దాకా, తోటకూరలో 1,100కు పైగా ఉంటుంది. ఉడికించినా అది పెద్దగా పోదు.

'అయితే మానేస్తే పోలా?' అనిపిస్తుంది. సరిగ్గా ఆ తప్పే ఎక్కువ ఇళ్లలో జరుగుతోంది. డాక్టరు మాత్ర మోతాదును పీటీ-ఐఎన్‌ఆర్ పరీక్ష చూసి కుదురుస్తారు. చాలామందికి ఆ అంకె 2కూ 3కూ మధ్య ఉండాలి. లోహపు కవాటం ఉన్నవారికి కొంత ఎక్కువ ఉండొచ్చు. ఆ కుదిర్చిన మోతాదు, రోగి అప్పటిదాకా తింటున్న తిండిని బట్టి కుదిరింది. ఒక్కసారిగా ఆకుకూర మానేస్తే మందుకు ఎదురు లేకుండాపోయి అంకె పైకి పాకుతుంది, రక్తస్రావం భయం. నెల రోజులు మానేసి, పండక్కి పుట్టింటికి వెళ్లి మూడు రోజులు వరసగా గోంగూర, పాలకూర, కొత్తిమీర పచ్చడి తింటే అంకె కిందికి దిగుతుంది, గడ్డ భయం. పైగా విటమిన్ 'కె' అసలే తక్కువ తినేవారిలో చిన్న మార్పుకే అంకె ఊగిసలాడుతుంది. కాబట్టి మానడం మందు కాదు, నిలకడ మందు. వారానికి రెండు రోజులు ఒక చిన్న గిన్నెడు ఆకుకూర అలవాటైతే అలాగే సాగనివ్వండి. కొత్తగా పెంచాలన్నా తగ్గించాలన్నా ముందు డాక్టరుకు చెప్పి, ఆ తర్వాత పరీక్ష చేయించండి. చారులో వేసే నాలుగు కొత్తిమీర రెబ్బల గురించి కంగారు అక్కర్లేదు. బీరకాయ, సొరకాయ, వంకాయ, దోసకాయ, టమాటా, బంగాళాదుంపల్లో ఈ విటమిన్ స్వల్పం. క్యాబేజీది మధ్యస్థం. వంటనూనె మార్చినా కొంత తేడా పడుతుంది. వేరుశనగ నూనెలో విటమిన్ 'కె' దాదాపు లేనట్టే, సోయా నూనెలో బాగానే ఉంటుంది.

కార్తీక మాసం ఉపవాసాలు, జ్వరమొచ్చి నాలుగు రోజులు సరిగా తినకపోవడం, యాంటీబయోటిక్ కోర్సు... ఇవి కూడా అంకెను పైకి లాగుతాయి. ఎవరో మంచిదన్నారని మునగాకు పొడి, వెల్లుల్లి గుళికలు, పసుపు గుళికలు డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టకూడదు. కూరలో వేసే పసుపు వేరు, గుళికలో గట్టిపరిచిన పసుపు వేరు.

ఇక ఉప్పు. గోంగూర పచ్చడి విషయంలో గోంగూరది చిన్న తప్పు, ఉప్పుది పెద్ద తప్పు. రక్తపోటు పెరిగితే గుండె పై గదులు సాగుతాయి, సాగిన గదుల్లో లయ ఇంకా తేలిగ్గా తప్పుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు రోజుకు 5 గ్రాముల లోపు, అంటే తిండి మొత్తంలో కలిపి ఒక టీ చెంచా. ఊరగాయ, వడియం, అప్పడం, ఎండుచేప, బజారు మిక్చరు ఉన్న ఇంట్లో ఆ చెంచా మధ్యాహ్నానికే ఖర్చవుతుంది. ఊరగాయ పూర్తిగా లేకపోతే ముద్ద దిగదంటారా? వారానికి ఒకటి రెండుసార్లు, నాలుక్కి రాసుకునేంత. అన్నంలో ఎర్రగా కలుపుకునేంత కాదు.

'తక్కువ సోడియం ఉప్పు' కొనేముందు ఒక్క మాట. అందులో సోడియం బదులు పొటాషియం ఉంటుంది. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారికి, స్పైరనోలాక్టోన్ లాంటి మాత్రలు లేదా టెల్మిసార్టాన్ వంటి బీపీ మందులు వాడేవారికి పొటాషియం పేరుకుపోయి లయ మరింత ప్రమాదకరంగా తప్పొచ్చు. రోజూ కొబ్బరినీళ్లు తాగమన్న సలహా వీరికి పనికిరానిది అందుకే. దీనికి పూర్తి విరుద్ధం అతిమధురం. దగ్గుకని చప్పరించే ఆ వేరు ఎక్కువ రోజులు వాడితే ఒంట్లో పొటాషియం పడిపోతుంది, బీపీ పెరుగుతుంది. ఒంటి నీరు తీసే మాత్రలు వాడేవారు దానికి దూరంగా ఉండాలి.

మద్యం విషయంలో మెత్తగా చెప్పడం అనవసరం. సెలవు రోజుల్లో తాగి గుండె లయ తప్పి ఆస్పత్రికి వచ్చేవారిని చూసి, 1978లోనే అమెరికా వైద్యులు దానికి 'హాలిడే హార్ట్' అని పేరు పెట్టారు. ఆస్ట్రేలియాలో తాగే అలవాటున్న 140 మంది మీద చేసిన పరీక్ష 2020లో వెలువడింది. మానేసిన గుంపులో 6 నెలల్లో 53 శాతం మందికి లయ మళ్లీ తప్పింది, మానని గుంపులో 73 శాతం మందికి తప్పింది. 'బీరే కదా' అనే మాటకు గుండె దగ్గర విలువ లేదు.

కాఫీకి మాత్రం దాదాపు క్లీన్ చిట్ దొరికింది. కరెంటు షాకుతో లయ సరిచేసిన 200 మందిలో సగం మందిని రోజుకో కప్పు కాఫీ తాగమని, మిగతావారిని మానమని చెప్పి చూశారు. 2025లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం తాగినవారిలో 47 శాతం మందికి, మానినవారిలో 64 శాతం మందికి దడ తిరగబెట్టింది. అంతమాత్రాన కాఫీ మందు కాదు. తాగిన ప్రతిసారీ దడ వస్తోందనిపిస్తే తగ్గించుకోవాలి. డబ్బాల్లో అమ్మే ఎనర్జీ డ్రింకులకు ఈ మినహాయింపు వర్తించదు.

బరువు ఎక్కువున్నవారికి ఏం తింటున్నామన్నదానితో పాటు ఎంత తింటున్నామన్నదీ ముఖ్యమే. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో చేసి 2015లో ప్రచురించిన పరిశోధనలో, బరువు పదో వంతు తగ్గి దాన్ని నిలుపుకున్నవారికి లయ తప్పని జీవితం దక్కే అవకాశం మిగతావారికంటే 6 రెట్లు పెరిగింది. రాత్రి పది దాటాక పెళ్లి భోజనం చేసి వెంటనే పడుకునే అలవాటు కొందరికి దడ తెప్పిస్తుంది. వారు ఎనిమిదింటికే తేలిగ్గా ముగించుకోవడం మేలు.

తిండి ఎంత జాగ్రత్తగా ఉన్నా కొన్నిటికి ఆగకూడదు. మలం నల్లగా జిగటగా రావడం, మూత్రంలో నెత్తురు, తలకు దెబ్బ తగలడం... ఈ మాత్రలు వాడేవారికి ఇవి ఆ పూటే ఆస్పత్రికి వెళ్లాల్సినవి. మూతి ఒక పక్కకు తిరిగినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా నిమిషాలు లెక్క. గడ్డ కరిగించే ఇంజెక్షను మామూలుగా మొదటి నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు. రక్తం పలచనకు వేసుకునే మాత్ర పేరు, ఆఖరిసారి వేసుకున్న వేళ, చివరి ఐఎన్‌ఆర్ అంకె రాసిన కాగితం ఒకటి ఆ మనిషి జేబులోనో సంచిలోనో ఉంచండి. అక్కడ డాక్టరు మొదట అడిగేది అవే.