బుసబుసలకు జిడ్డు పోదు
కోదాడలో మా ఇంట ఓవెన్ లేదు, ఉన్నది రెండు బర్నర్ల గ్యాస్ పొయ్యే. పప్పు పొంగి, పాలు మాడి అట్టకట్టిన ఇత్తడి బర్నర్‌ను రాత్రి చింతపండు నీళ్లలో నానేస్తే, పొద్దున పాత టూత్‌బ్రష్ తగలగానే పచ్చగా మెరుస్తుంది. టార్టారిక్ ఆమ్లం మహిమ. మా అమ్మ బిందెలు తోమిందీ దానితోనే. ఇప్పుడేమో అందరూ వంటసోడాలో వెనిగర్ పోసి బుసబుస పొంగిస్తున్నారు. చూడ్డానికి బాగుంటుంది గానీ, ఆమ్లం, క్షారం ఒకదాన్నొకటి చంపుకున్నాక మిగిలేది దాదాపు లవణపు నీళ్లే! ఓవెన్ ఉన్నవాళ్లు ప్లగ్ పీకి, చల్లారాక, సోడా ముద్ద ఒక్కటే రాత్రంతా పట్టించి తుడవండి. వెనిగర్ ఆ తర్వాత. అల్యూమినియం బర్నర్‌కు మాత్రం సోడా వద్దు, నల్లబడుతుంది. ఏ బర్నరైనా రంధ్రాలు పిన్నీసుతో పొడిచి, పూర్తిగా ఆరాకే వెలిగించండి.