పొగాకు బ్యారన్‌లో నాటకం చూశాము



గత శుక్రవారం రాత్రి అమ్మగారూ మేమూ నాటకానికి వెళ్ళిన సంగతి ఈపాటికి మీ అందరికీ తెలిసే ఉంటుంది. ఊరు చిన్నది. శనివారం తెల్లవారి పాల కేంద్రం దగ్గరే ఇద్దరు అడిగారు. ఒక సహోదరుడైతే ఫోను చేసి, "అయ్యగారూ, మీరే నాటకాలకు వెళితే పిల్లలకు మేమేం చెప్పాలండీ?" అన్నాడు. ప్రశ్న మంచిదే. ఫోనులో రెండు ముక్కల్లో చెప్పలేకపోయాము, అందుకే ఇక్కడ రాస్తున్నాము.

నాటకం ఆడింది చెరువు అవతల వాడకుండా వదిలేసిన పొగాకు బ్యారన్‌లో. ఇక్కడివారికి బ్యారన్ అంటే చెప్పక్కర్లేదు. హైదరాబాదులోనూ గల్ఫ్‌లోనూ ఉండి ఇది చదివే మన పిల్లల్లో కొందరు లోపలికి ఎప్పుడూ పోయి ఉండరు. ఎత్తయిన ఇటుక గది. కిటికీలుండవు. బయట పొయ్యి, లోపల నేల మీదుగా వేడి పోయే రేకు గొట్టాలు. పచ్చాకును కర్రలకు అల్లి, అంతస్తులు అంతస్తులుగా వేలాడదీసి, ఐదారు రోజులు రాత్రింబగళ్ళు మంట పెడతారు. చివరికి లోపల వేడి 70 డిగ్రీల దాకా పోతుంది. ఆకు అల్లేది ఆడవాళ్ళు. మన సంఘంలో నలభై దాటిన అక్కలందరి వేళ్ళకూ ఆ జిగురు తెలుసు. ఈ బ్యారన్‌లో గొట్టాలు ఎప్పుడో తీసేశారు కానీ గోడల్లో ఆకు వాసన ఇంకా పోలేదు.

ఒంగోలు నుంచి ముగ్గురు పిల్లలు వచ్చారు. ఇద్దరు అమ్మాయిలు, ఒక అబ్బాయి. వేదిక లేదు, తెర లేదు, మైకు లేదు. రెండు బల్బులు, నేల మీద పట్టా. మేము లెక్కపెట్టాము, చూసేవాళ్ళం 37 మందిమి. మధ్యలో మంచమంత జాగా వదిలి చుట్టూ కూర్చున్నాము. ఆడే అమ్మాయి కూర్చుంటే ఆమె మోకాలికీ మా మోకాలికీ జానెడు దూరం. ఉన్నది ఒక్కటే తలుపు. మొదటి పది నిమిషాలు కథకంటే ఆ తలుపు మీదే మా దృష్టి ఉందని ఒప్పుకోవాలి.

కథ పెద్దదేం కాదు. ఒక కౌలు రైతు, అతని బ్యారన్‌లో ఆకు అల్లే ఒక తల్లి, సీజను రాగానే బడి మానేసే ఆమె కూతురు. రైతు బేలు భుజాన వేసుకుని వేలం కేంద్రానికి పోతాడు. నోబిడ్ పడుతుంది, మళ్ళీ మోసుకొస్తాడు. ఆ అబ్బాయి మోసింది నిజమైన బేలే. తలుపులోంచి వచ్చి, మా మధ్యలోంచి, "జరగండమ్మా, కాస్త జరగండి" అంటూ పోయాడు. గోనె మా చెంపకు రాసుకుంది. రెండోసారీ అలాగే. మూడోసారి అతనేమీ అనలేదు. మేమే జరిగాము. పొగాకు ధర పడిపోయిందని పేపర్లో ఎన్నిసార్లు చదివామో. చెంపకు గోనె రాసుకున్నప్పుడు తెలిసింది వేరు.

అన్నీ బాగున్నాయని అనడం లేదు. మధ్యలో పాట మరీ సాగింది. ఆ తల్లి వేషం వేసిన అమ్మాయి ఒకచోట "శ్రమదోపిడీ" అంది. మన అక్కలెవరూ ఆ మాట అనరు. "రెక్కల కష్టం తిన్నారు" అంటారు. మాకు ఆ రెండు నిమిషాలూ ఏదో పార్టీ మీటింగులో ఉన్నట్టే అనిపించింది.

చివర్లో ఆ రైతు బేలు భుజాన పెట్టుకునే మా ముందు నిలబడి, "ఉన్నది ఇంతే. ముందు ఎవరికియ్యమంటారు? బ్యాంకుకా, ఎరువుల కొట్టుకా, కౌలుకా?" అని అడిగాడు. అది నాటకంలో మాటే. జవాబు కోసం అడిగింది కాదు. కానీ మా పక్కన కూర్చున్న మన సంఘపు సహోదరి ఒకామె, "కూలికి" అంది.

గట్టిగా కూడా అనలేదు. ఆ గదిలో గట్టిగా అనక్కర్లేదు.

ఆమె వెనుక వరసలో ఒకాయన కూర్చుని ఉన్నాడు. రెండేళ్ళ కిందట అదే బ్యారన్‌ను కౌలుకు తీసుకున్నవాడు, ఆమెకూ మరి నలుగురికీ ఆ సీజను కూలి ఇంకా బాకీ ఉన్నవాడు. ఆయనా మన సంఘస్థుడే. ఈ సంగతి రాయవచ్చా అని ఇద్దరినీ అడిగాము. పేర్లు లేకుండా రాయమన్నారు. ఆయన దొంగ కాదు, ఆ మాటా చెప్పాలి. ఆ ఏడు ఆయన బేళ్ళకూ నోబిడ్ పడింది. ఇంట్లో బంగారం పోయింది.

ఆ అబ్బాయికి ఇవేవీ తెలియవు. ఆమె మాటకు అతని దగ్గర జవాబు లేదు. కాసేపు అలాగే నిలబడి, బేలు దించి ఆమె ముందు పెట్టి, దాని పక్కనే నేల మీద కూర్చున్నాడు. ఎవరూ కదలలేదు. అది నాటకంలో ఉందా అని తరువాత అడిగితే, "లేదండీ, ఇంకేం చేయాలో తోచలేదు" అన్నాడు.

ఇప్పుడు మా సంగతి. కూలివాని జీతం బిగబట్టడం గురించి యాకోబు పత్రికలో ఉన్న భాగం మీద ఈ రెండేళ్ళలో మేము కనీసం మూడుసార్లు ప్రసంగించాము. ఆ ఇద్దరూ విన్నారు. ఇద్దరూ ఆమెన్ అన్నారు. మేము ఎత్తు మీద నిలబడి, మైకులో, ఎకో పెట్టుకుని చెప్పాము. మన గుడి పట్టుమని ఇరవై అడుగుల వెడల్పు, వచ్చేది అరవై మంది. దానికి రెండు సౌండు బాక్సులు. ఎందుకంటే పక్క ఊరి గుడిలో ఉన్నాయి కాబట్టి. అంత శబ్దంలో ఎవరికి వారు పక్కవాడికి చెబుతున్నారనే అనుకుంటారు. చెప్పే మేమూ ఎవరి ముఖమూ చూడనక్కర్లేదు.

ఆ పిల్లలు కలకత్తాలో ఉండిన బాదల్ సర్కార్ అనే ఆయన దారి పట్టామని చెప్పారు. ఆయన 2011లో చనిపోయారు. ఉద్యోగరీత్యా పట్టణాల ప్లానులు గీసే ఇంజనీరు. 'ఏవం ఇంద్రజిత్' లాంటి నాటకాలతో పెద్ద పేరు వచ్చాక, 1970ల్లో వేదికనూ లైట్లనూ టికెట్టునూ వదిలేసి గదుల్లో, పార్కుల్లో, పల్లెల్లో ఆడించడం మొదలుపెట్టారు. వేదిక మీద ఆడేవాడు వెలుగులో ఉంటాడు, చూసేవాళ్ళు చీకట్లో ఉంటారు, ఒకరి ముఖం ఒకరికి కనపడదు. పైగా దానికి డబ్బు కావాలి, డబ్బు కోసం టికెట్టు, టికెట్టు కొనలేనివాడు బయట. ఆయనకు అది నచ్చలేదు. ఆట అయ్యాక గుడ్డ పట్టేవారు, ఇచ్చినంత. ఇక్కడా అలాగే పట్టారు. మా సహోదరి ఇరవై రూపాయలు వేసింది.

ఫోను చేసిన సహోదరునికి ఇక జవాబు. యెహెజ్కేలు ఇటుక మీద యెరూషలేము పట్టణం గీసి, దానికి ముట్టడి వేసి, 390 దినాలు ఎడమ పక్కన పడుకున్నాడు. జనం చూస్తుండగా గోడకు కన్నం వేసి మూట మోసుకుపోయాడు. అది నాటకం కాకపోతే ఏమిటి? నాతాను దావీదు దగ్గరికి పోయి గొర్రెపిల్ల కథ చెప్పింది ఎదురెదురుగా, ఒక్క మనిషికి. అదే కథ రాజవీధిలో దండోరా వేసి ఉంటే దావీదు కూడా ఆమెన్ అని ఊరుకునేవాడేమో. అయినా ప్రతి క్రిస్మస్‌కూ తలకు తువ్వాలు చుట్టిన గొల్లలను చూసి మురిసిపోయేది మనమే. హేరోదు వేషానికి మన గుడిలో ఉన్న పోటీ సంఘ పెద్దల ఎన్నికకు కూడా లేదు. మీ పిల్లలను నాటకానికి పంపండి అని మేము అనడం లేదు. ఏ నాటకమో, ఎవరు ఆడుతున్నారో, మీరు పక్కన కూర్చుని చూడండి.

మంగళవారం సాయంత్రం మేము ఆ కౌలు తీసుకున్నాయన ఇంటికి వెళ్ళాము. రెండేళ్ళుగా ఎన్నోసార్లు వెళ్ళిన ఇల్లే. ప్రార్థన చేసి, టీ తాగి వచ్చేసేవాళ్ళం. ఈసారి మాట్లాడాము. గంటన్నర పట్టింది. మధ్యలో ఆయన భార్య లోపలికి పోయి ఒక నోటుపుస్తకం తెచ్చింది. అందులో ఐదుగురి పేర్లూ, దినాల లెక్కా అన్నీ ఉన్నాయి. తుడిచేసినది ఒక్కటీ లేదు. మిగతాది ఇక్కడ రాసేది కాదు.

వచ్చే ఆదివారం ఆరాధనలో మైకు పెట్టము. సౌండు బాక్సులు వెనుక గదిలో ఉంటాయి, పెళ్ళిళ్ళకు కావలసినవారు తీసుకోవచ్చు. మేము కింద చాప మీదే కూర్చుని వాక్యం చెబుతాము. వినపడనివారు ముందుకు వచ్చి కూర్చోండి. ముందు రెండు చాపలూ ఎప్పుడూ ఖాళీగానే ఉంటున్నాయి.